యుద్ధ జెట్ నమూనాకు అసలు రంగు ఏది?

ప్లాస్టిక్ కిట్ తెచ్చి, ముక్కలు అతికించి, మిగ్-21 నమూనాను నిలబెట్టడం ఓపిక ఉన్న ఎవరికైనా చేతనయ్యే పనే. చిక్కంతా రంగు దగ్గర మొదలవుతుంది. పెట్టెలో వచ్చిన కాగితం ఒక నంబరు చెబుతుంది. వేరే కంపెనీ పెట్టెలో అదే విమానానికి ఇంకో నంబరు ఉంటుంది. ఢిల్లీ పాలం మ్యూజియంలో నిలబెట్టిన విమానం ఫొటోలో మూడో రంగు కనిపిస్తుంది. 1971 యుద్ధం నాటి ఫొటో చూస్తే నాలుగోది. వీటిలో ఏది నిజం? ఈ ప్రశ్న మీద దేశవిదేశాల నమూనా కళాకారులు దశాబ్దాలుగా వాదించుకుంటూనే ఉన్నారు. అమెరికా, బ్రిటన్ విమానాల విషయంలో ఆ వాదనకు పుస్తకాలు, రంగుల పట్టికలు, సైనిక దస్తావేజులు ఆధారంగా ఉన్నాయి. భారత వాయుసేన విమానాల దగ్గరికి వచ్చేసరికి ఆధారాలు పలచబడతాయి. జగిత్యాల జిల్లా గొల్లపల్లిలో కూర్చుని హంటర్ జెట్‌కో, జాగ్వార్ జెట్‌కో రంగు కలిపేవాడికి ఎదురయ్యే మొదటి కష్టం ఇదే.

ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన సమాధానాలను, వాటి బలాబలాలను ఒకచోట చేర్చి తూచడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. "మిగ్-21 రంగు ఏది?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. "ఫలానా సీరియల్ నంబరున్న మిగ్-21, ఫలానా ఏడాదిలో ఏ రంగులో ఉంది?" అని అడిగితే జవాబు దొరుకుతుంది. కచ్చితత్వమనేది రంగు డబ్బా మీది నంబరులో ఉండదు, ఒక్కో విమానం చరిత్రలో ఉంటుంది.

చూపే రంగు, దాచే రంగు

తెలంగాణ వాళ్లకు ఆకాశంలో ఎక్కువగా కనిపించే సైనిక విమానాలు శిక్షణ విమానాలు. దుండిగల్ వాయుసేన అకాడమీకి 1967లో శంకుస్థాపన జరిగింది, 1971లో శిక్షణ మొదలైంది. హకీంపేటలో కిరణ్ జెట్ల మీద, పక్కనే కర్ణాటకలోని బీదర్‌లో హాక్ జెట్ల మీద యువ పైలట్లు నేర్చుకుంటారు. బీదర్‌లోనే 1996లో సూర్యకిరణ్ విన్యాస బృందం పుట్టింది. 2024 డిసెంబరులో హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద వేలమంది చూసిన ఎరుపు తెలుపు హాక్ విమానాలు ఆ బృందానివే. శిక్షణ విమానం దూరం నుంచే కళ్లకు తగలాలి. ఎదురుగా వచ్చే మరో పైలట్‌కు అది ఎంత ముందు కనిపిస్తే అంత క్షేమం.

యుద్ధ విమానం రంగు దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. అమెరికా చిత్రకారుడు ఎబట్ థేయర్ 1909లో కొడుకుతో కలిసి జంతువుల రంగుల మీద తెచ్చిన పుస్తకంలో ఒక సూత్రం చెప్పాడు. వెలుగు పైనుంచి పడుతుంది కాబట్టి వీపు ముదురుగా, కడుపు లేతగా ఉన్న జంతువు తన పరిసరాల్లో కలిసిపోతుంది. విమానం పైభాగం ముదురుగా, కిందిభాగం లేతగా ఉండడంలోనూ ఇదే సూత్రం ఉంది. దీనికి తోడు ఆకుపచ్చ, బూడిద, గోధుమ పట్టీలను వంకరటింకరగా వేస్తే విమానం ఆకారపు గీత చెదిరిపోతుంది. పైనుంచి చూసే శత్రువు కంటికి రన్‌వే పక్కన ఆగి ఉన్న విమానం పొలాల్లో, చెట్ల నీడల్లో కలిసిపోవాలి. గాలిలో ఎత్తున పోరాడే విమానానికి మాత్రం నేల రంగుతో పనిలేదు. దానికి మబ్బు రంగు, మసక నీలం, బూడిద కావాలి. అమెరికా చిత్రకారుడు కీత్ ఫెరిస్ ఇంకో అడుగు ముందుకేసి, విమానం కడుపు మీద ఉత్తుత్తి కాక్‌పిట్ బొమ్మ వేయించే ఆలోచన చేశాడు. విమానం ఏ వైపుకు ఒరుగుతోందో ప్రత్యర్థికి అంతుబట్టకూడదని. కెనడా సీఎఫ్-18 జెట్ల మీద ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది.

కాబట్టి రంగు కలపక ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ విమానం ఏ ఎత్తున, ఏ పని చేసింది? దీనికి జవాబు తెలిస్తే అది ఆకుపచ్చల కుటుంబంలోదో, బూడిదల కుటుంబంలోదో తేలిపోతుంది. కిట్ కాగితంలో ఏదైనా పొరపాటుంటే ఇక్కడే దొరికిపోతుంది.

భారత జెట్లు మార్చిన బట్టలు

1957 నుంచి వాయుసేనలోకి వచ్చిన హంటర్లు బ్రిటిష్ పద్ధతి రంగులతోనే దిగాయి. పైన ముదురు ఆకుపచ్చ, ముదురు సముద్రపు బూడిద పట్టీలు, కింద వెండి రంగు. వాటి రంగుకు బ్రిటిష్ ప్రమాణం రాతలో ఉంది కాబట్టి నమూనా కళాకారుడికి అన్నిటికన్నా తేలికైన భారత జెట్ హంటరే. 1971 డిసెంబరు 5న లోంగేవాలా ఇసుకలో పాకిస్తాన్ ట్యాంకుల మీద విరుచుకుపడినవి జైసల్మేర్ నుంచి లేచిన ఈ హంటర్లే. బ్రిటన్ పచ్చిక మైదానాల కోసం పుట్టిన పచ్చ రంగుతోనే అవి థార్ ఎడారి మీద ఎగిరాయి. ఎడారి యుద్ధం కదా అని నమూనాకు ఇసుక రంగు వేస్తే చరిత్ర తప్పుతుంది.

1965లో పరిస్థితి వేరు. అప్పటి నాట్ జెట్లు, కొత్తగా వచ్చిన మిగ్-21లు వట్టి లోహపు మెరుపుతో ఉండేవి. ఆ ఏడాది సెప్టెంబరు 6న పాకిస్తాన్ సేబర్ జెట్లు పఠాన్‌కోట్ మీద దాడి చేసి, నేల మీద ఆగి ఉన్న విమానాలను ధ్వంసం చేశాయి. వాటిలో రెండు మిగ్-21లు కూడా ఉన్నాయి. మెరిసే లోహం ఎంత దూరం నుంచి కనిపిస్తుందో చెప్పడానికి వేరే పాఠం అక్కర్లేకపోయింది. 1971 యుద్ధం నాటికి చాలా మిగ్-21ఎఫ్ఎల్‌లకు, నాట్‌లకు రంగు ఎక్కింది. అయితే అది ఫ్యాక్టరీలో ఒకే పట్టిక ప్రకారం వేసినది కాదు. స్క్వాడ్రన్ స్థాయిలో, చేతికి అందిన రంగులతో, త్వరత్వరగా వేసిన పని. కొన్నిటికి పులిచారల్లాంటి పట్టీలు, కొన్నిటికి మచ్చలు. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద రాకెట్లు కురిపించిన మిగ్‌ల తరం ఇది. ఈ తరానికి "సాధారణ పద్ధతి" అంటూ ఏదీ లేదు. ఫొటో లేకుండా వీటికి రంగు వేయడమంటే ఊహాచిత్రం గీయడమే.

1979లో బ్రిటిష్ వాయుసేన నుంచి అప్పుగా వచ్చిన మొదటి జాగ్వార్లు బ్రిటిష్ ఆకుపచ్చ, బూడిద రంగులతోనే అంబాలాలో దిగాయి. చెట్ల ఎత్తున దూసుకెళ్లి బాంబులు వేయడం వాటి పని కాబట్టి ఆ రంగు వాటికి సరిపోయింది. 1983లో గోవాకు చేరిన నౌకాదళ సీ హారియర్లు మొదట పైన అతి ముదురు సముద్రపు బూడిద, కింద తెలుపు వేసుకుని వచ్చాయి. తర్వాతి సంవత్సరాల్లో తెలుపు పోయింది, మొత్తం బూడిదలే మిగిలాయి. తెల్ల కడుపున్న సీ హారియర్‌కు ఆఖరి రోజుల గుర్తులు అతికించిన నమూనాలు కనిపిస్తుంటాయి. రెండు కాలాలను ఒక విమానం మీద కలిపేసిన తప్పు అది. 2016 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో అంతర్జాతీయ నౌకా సమీక్ష జరిగేనాటికే సీ హారియర్ కథ ముగింపుకు వచ్చింది. అదే ఏడాది మార్చిలో చివరిసారి ఎగిరింది, మే నెలలో సెలవు తీసుకుంది.

వాయుసేన కూడా నెమ్మదిగా ఆకుపచ్చ నుంచి బూడిదకు మారింది. గాలిలోంచి గాలిలోకి పేల్చే క్షిపణుల కాలం వచ్చాక, నేలకు ఆనుకుని ఎగరడం కన్నా మధ్య ఎత్తు నుంచి గురి చూసి బాంబు వేయడం పెరిగాక, ఆకుపచ్చకు పని తగ్గింది. ఆధునికీకరించిన మిగ్-21 బైసన్‌లు బూడిద ఛాయల్లోనే ఉండేవి, తేజస్‌లు కూడా ఆ ఛాయల్లోనే కనిపిస్తాయి. మిగ్-27 2019 డిసెంబరు 27న జోధ్‌పూర్‌లో, మిగ్-21 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో విధుల నుంచి తప్పుకున్నాయి. అరవై రెండేళ్లు సేవ చేసిన మిగ్-21కు ఒకే రంగు ఉండి ఉంటుందని అనుకోవడమే మొదటి పొరపాటు. వట్టి లోహం, తొందరపాటు పచ్చలు, పద్ధతైన పచ్చ-గోధుమలు, రెండు బూడిదలు అన్నీ ఆ ఒక్క రకం విమానం ఒంటి మీదే మారాయి.

సాక్ష్యాలకు తూకం

నమూనాకు ఆధారమయ్యేవి నాలుగు: ఫొటో, మ్యూజియం విమానం, ముద్రిత పుస్తకం, మనిషి జ్ఞాపకం. నాలుగింటికీ ఒకే విలువ లేదు.

ఫొటోదే మొదటి స్థానం, కానీ దాన్ని చదవడం తెలియాలి. పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, అంచు పదునుగా ఉందా మెత్తగా ఉందా, ఎక్కడ రంగు లేచిపోయింది, సీరియల్ నంబరు ఎంత పెద్దది అనే విషయాల్లో ఫొటో దాదాపు అబద్ధం చెప్పదు. రంగు ఛాయ విషయంలో మాత్రం తరచూ చెబుతుంది. పాత కలర్ ప్రింటు ఎర్రబడిపోతుంది. సాయంత్రపు ఎండ బూడిదకు గోధుమ ఛాయ పూస్తుంది. డిజిటల్ కెమెరా తెలుపును తనకు తోచినట్టు సరిచేసుకుంటుంది. అందుకే ఫొటోలో రంగును నేరుగా కొలవకుండా, పక్కనున్న తెలిసిన వస్తువులతో పోల్చాలి. కాంక్రీటు నేల, నల్ల టైరు, విమానం మీది గుండ్రటి చిహ్నంలోని తెలుపు ఫొటోలో ఎలా పడ్డాయో చూస్తే కెమెరా ఎటు మొగ్గిందో తెలుస్తుంది. ఆ చిహ్నంలో బయటి వలయం కాషాయం, మధ్యలోది తెలుపు, నడిబొడ్డు ఆకుపచ్చ. తెల్ల వలయమే పసుపుగా కనిపిస్తే ఆ ఫొటోలోని బూడిద ఏదీ నమ్మదగ్గది కాదు.

మన దేశంలో ఈ ఫొటోలే అరుదు. సైనిక విమానాశ్రయాల్లో ఫొటోలు తీయడం నిషిద్ధం. దేశ రక్షణకు అది అవసరమే. బ్రిటన్‌లో కంచె బయట నిలబడి తీసిన వేల ఫొటోలు పుస్తకాలకెక్కినట్టు మన దగ్గర ఎక్కలేదు. ప్రజలకు కెమెరాతో దగ్గరగా చూసే అవకాశం దొరికేది కొన్ని సందర్భాల్లోనే. 1996 నుంచి బెంగళూరు యలహంకలో జరుగుతున్న ఏరో ఇండియా, అక్టోబరు 8న వాయుసేన దినోత్సవం అలాంటివి. 2022 డిసెంబరు 29న బాపట్ల జిల్లా కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి రన్‌వే మీద సుఖోయ్, తేజస్ విమానాలతో పరీక్ష జరిగినప్పుడు తెలుగువాళ్ల ఫోన్లలో చేరిన దృశ్యాలు కూడా రేపటి నమూనా కళాకారుడికి సాక్ష్యాలే.

మ్యూజియం విమానాన్ని చూసి మోసపోవడం తేలిక. పాలం, బెంగళూరు హెచ్‌ఏఎల్ మ్యూజియం, గోవా నౌకాదళ విమాన మ్యూజియం చూసి తీరాల్సిన చోట్లే. రివెట్లు ఎక్కడున్నాయి, చక్రాల గది లోపల ఏముంది, రెక్క మందం ఎంత అన్నవాటికి అంతకన్నా మంచి పాఠశాల లేదు. కానీ ఎండకూ వానకూ నిలిచే విమానానికి కొన్నేళ్లకోసారి మళ్లీ రంగు వేయాల్సి వస్తుంది. ఆ రంగు అందుబాటులో ఉన్న ఎనామెల్ కావచ్చు, పట్టీల గీత వేసినవాడి చేతివాటం కావచ్చు. ఆకారానికి మ్యూజియాన్ని నమ్మండి, రంగుకు నమ్మకండి.

పుస్తకాల్లో పి.వి.ఎస్. జగన్‌మోహన్, సమీర్ చోప్రా కలిసి 1965 గగన యుద్ధం మీద 2005లో తెచ్చిన గ్రంథం లాంటివి, ఏ స్క్వాడ్రన్ ఏ రోజు ఎక్కడుందో తేల్చుకోవడానికి పనికొస్తాయి. రంగు పుస్తకాలు కాకపోయినా కాలాన్ని, చోటును, విమానాన్ని కలిపి పట్టుకోవడానికి అవే ఆధారం. మనిషి జ్ఞాపకం విషయానికొస్తే, రంగు ఛాయను ముప్పై ఏళ్లు గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. ఆ రంగు ఎవరు వేశారు, ఎన్నాళ్లకు వేశారు, ఎక్కడ అరిగిపోయేది అన్న విషయాలు మాత్రం విమానం మీద పనిచేసినవాళ్లు మరచిపోరు. వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు అవి.

నంబర్ల పుస్తకాలు చెప్పేది, చెప్పనిది

నమూనా రంగుల లోకంలో రెండు పట్టికలు రాజ్యమేలుతున్నాయి. అమెరికా ఫెడరల్ స్టాండర్డ్ 595 పట్టిక 1956లో వచ్చింది. దానిలో ప్రతి రంగుకూ ఐదంకెలు. మొదటి అంకె మెరుపును చెబుతుంది: 1 అయితే నిగనిగ, 2 అయితే సగం మెరుపు, 3 అయితే మెరుపు లేనిది. రెండో అంకె రంగు కుటుంబం: 4 ఆకుపచ్చ, 5 నీలం, 6 బూడిద. కాబట్టి 36375 అనగానే మెరుపు లేని ఒక బూడిద అని అర్థమైపోతుంది. బ్రిటిష్ పట్టిక బీఎస్ 381సీ. అందులో ముదురు ఆకుపచ్చ 641, అతి ముదురు సముద్రపు బూడిద 640, ముదురు సముద్రపు బూడిద 638, మధ్యరకం సముద్రపు బూడిద 637. హంబ్రోల్ కంపెనీ డబ్బాల్లో వీటికి దగ్గరివి వరుసగా 163, 123, 164, 165. హంటర్, తొలి జాగ్వార్, సీ హారియర్ నమూనాలు ఈ నాలుగు డబ్బాలతో చాలా దూరం వెళ్తాయి. మన దేశానికీ ఐఎస్ 5 అనే రంగుల ప్రమాణం ఉంది. కానీ నమూనా రంగుల కంపెనీలు దాన్ని పట్టించుకోవు కాబట్టి, మన విమానాలకు కూడా అమెరికా నంబర్లలోనో బ్రిటిష్ నంబర్లలోనో దగ్గరి పోలిక చెబుతాయి. కిట్ కాగితాల మధ్య తేడాలకు ఒక పెద్ద కారణం ఇదే. అసలు రంగుకు నంబరు చెప్పాల్సిన చోట ఎవరి కంటికి దగ్గరగా తోచిన నంబరును వాళ్లు రాశారు.

నంబరు దొరికినంత మాత్రాన పని అయిపోదు. సిరిసిల్లలో నూలుకు రంగు అద్దేవాళ్లను అడిగితే చెబుతారు, ఒకే షేడ్ నంబరైనా లాటు మారితే ఛాయ మారుతుందని, అందుకే ఒక చీరకు రెండు లాట్ల నూలు కలపరని. విమానం రంగుకూ అంతే. తయారైనప్పుడు ఒక లాటు, ఓవర్‌హాల్‌లో ఇంకో లాటు, మధ్యలో స్క్వాడ్రన్‌లో చేసిన అతుకులకు మూడోది. ఒకే విమానం మీద మూడు ఆకుపచ్చలు కనిపించడం సహజం. దీనికి తోడు వెలుగు మారితే పోలిక కూడా మారుతుంది. ఎండలో అచ్చంగా ఒకేలా కనిపించే రెండు రంగులు ఎల్‌ఈడీ దీపం కింద వేరుపడతాయి. రంగు కలిపి సరిచూసుకోవడం ఎప్పుడూ పగటి వెలుగులోనే చేయాలి. వరండా నీడలో, ఉత్తరం వైపు తిరిగి చూడడం మంచిది.

చిన్న విమానానికి లేత రంగా?

ఈ రంగంలో తెగని వివాదం స్కేల్ ఎఫెక్ట్ గురించి. 1/72 కొలతలో చేసిన నమూనాను 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే, అసలు విమానాన్ని 21.6 మీటర్ల దూరం నుంచి చూసినట్టు లెక్క. అంత దూరంలో మధ్యనున్న గాలి, దుమ్ము, తేమ రంగును కాస్త పాలిపోయేలా చేస్తాయి. కాబట్టి రంగులో తెలుపు కలపాలని ఒక వర్గం అంటుంది. బ్రిటిష్ నమూనా కళాకారుల్లో ప్రచారమైన లెక్క ప్రకారం 1/32కు 7 శాతం, 1/48కి 10, 1/72కు 15, 1/144కు 23 శాతం తెలుపు.

రెండో వర్గం ఈ లెక్కను ఒప్పుకోదు. ఇరవై మీటర్ల గాలి రంగును కంటికి తెలిసేంత మార్చదు, మార్చినా అది తెలుపు వైపు కాకుండా నీలిబూడిద వైపు మారుతుంది అంటుంది. రెండు వర్గాల మాటల్లోనూ నిజముంది. నాకు నచ్చిన వివరణ వెలుగుకు సంబంధించినది. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ వరకు ఉంటుంది. ఇంట్లో దీపం కింద కొన్ని వందలే. వెలుగు తగ్గినకొద్దీ మన కంటికి రంగుల నిండుదనం తగ్గి, ముదురు రంగులు ఇంకా ముదురుగా తోస్తాయి. ఎండలో విమానం మీద ఆకుపచ్చ, బూడిద స్పష్టంగా వేరుగా కనిపిస్తాయి. అవే రంగులు షెల్ఫ్‌లోని నమూనా మీద కలిసిపోయి నల్లముద్దలా కనిపిస్తాయి. కాబట్టి లేత చేయాలి, కానీ గాలి పేరు మీద కాదు, గది పేరు మీద. నమూనా ఎక్కడ పెడతామో అక్కడి వెలుగులో పరీక్ష ముక్క పెట్టి చూసి, ఆకుపచ్చలో తెలుపుకు బదులు కాస్త పసుపో లేత బూడిదో కలపాలి. వట్టి తెలుపు కలిపిన ఆకుపచ్చ సున్నం పూసినట్టు చచ్చిపోతుంది. బూడిద రంగు జెట్లకు మాత్రం ఇలా లేత చేయడం చాలా కొద్దిగా చాలు. అవి పుట్టుకతోనే లేతవి.

అంచు ఎంత మెత్తగా ఉండాలి?

కామోఫ్లాజ్ నమూనా పండిందా చెడిందా తేల్చేది రెండు రంగులు కలిసే అంచు. ఇక్కడ లెక్క స్పష్టంగా ఉంది, దానికి వాదన అక్కర్లేదు. అసలు విమానం మీద స్ప్రే గన్‌తో వేసిన మెత్తటి అంచు వెడల్పు 25 మిల్లీమీటర్లు అనుకుందాం. 1/72లో అది 0.35 మిల్లీమీటరు, 1/48లో అర మిల్లీమీటరు, 1/32లో 0.78 మిల్లీమీటరు. మామూలు ఎయిర్‌బ్రష్‌తో చేతివాటంగా గీస్తే వచ్చే మసక అంచు రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. 1/72లో అది అసలు విమానం మీద దాదాపు 15 నుంచి 20 సెంటీమీటర్ల మసకకు సమానం. చాలా నమూనాలు బొమ్మల్లా కనిపించడానికి కారణం ఇదే.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. పట్టీల ఆకారాన్ని కాగితం మీద నమూనా కొలతకు పెంచి లేదా తగ్గించి ముద్రించి, కత్తిరించి, ఆ కాగితాన్ని జిగురు ముద్ద చిన్న ఉండలతో విమానం ఒంటికి మిల్లీమీటరు ఎత్తున నిలపాలి. నిటారుగా రంగు కొడితే కాగితం కిందికి కొద్దిగా మాత్రమే రంగు జారి, సన్నటి మెత్తటి అంచు వస్తుంది. హంటర్ లాంటి పాత బ్రిటిష్ విమానాలకు అంచు ఇంకా పదును. 1/72లో వాటికి మాస్కింగ్ టేపును నేరుగా అతికించి వేసినా తప్పులేదు. 1971 నాటి తొందరపాటు పట్టీలకు మాత్రం అంచు మెత్తగా, వంకరగా, చోటుచోటుకూ వేరుగా ఉండాలి. అక్కడ నీట్‌గా వేయడమే తప్పు.

ఆకారం అంచు కన్నా ముఖ్యం. ఎడమ వైపు పట్టీ రెక్క మీదికి ఎలా పాకింది, వీపు మీద ఎక్కడ దాటింది, తోక నిలువురెక్కకు రెండు వైపులా ఒకేలా ఉందా అన్నవి ఫొటో నుంచే తీసుకోవాలి. ఒక వైపు ఫొటో మాత్రమే ఉంటే రెండో వైపు ఊహించక తప్పదు. ఆ ఊహను ఊహ అని ఒక కాగితం మీద రాసుకోవడం మంచి అలవాటు.

మన ఎండలో, మన వానలో

విదేశీ పుస్తకాల్లో రాసిన చిట్కాలు చల్లటి దేశాల గదుల్లో పుట్టినవి. జగిత్యాల జిల్లాలో మే నెల ఎండ 45 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. వల్లెహో లాంటి నీటి ఆధారిత అక్రిలిక్ ఆ వేడిలో ఎయిర్‌బ్రష్ సూది మొన మీదే ఎండిపోతుంది, చుక్కలుచుక్కలుగా చిమ్ముతుంది. కొన్నిసార్లు ప్లాస్టిక్‌కు చేరేలోపే గాలిలో ఎండి, ఉప్పు కాగితంలా గరుకు పొర వేస్తుంది. దీనికి మందు ఎండడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ చుక్కలు, తెల్లవారుజామున పనిచేయడం. వానాకాలంలో తేమ ఎక్కువైతే లాకర్ రంగులకు తెల్లటి పొగ పడుతుంది. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దాని మీద పట్టుకుంటుంది. తేమ బాగా ఉన్న రోజు లాకర్ ముట్టుకోకపోవడమే తెలివి. తమియా అక్రిలిక్ రెండు కాలాలకూ మధ్యస్థంగా నిలుస్తుంది. దాని సొంత థిన్నర్‌తో సమానంగా గానీ అంతకన్నా కొంచెం పలచగా గానీ కలిపి 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడితో కొడితే మన వాతావరణంలో బాగానే పనిచేస్తుంది.

సరుకు దొరకడం ఇంకో సమస్య. లాకర్లు, ఎనామెల్ థిన్నర్లు మండే పదార్థాలు కాబట్టి విమాన కొరియర్లో రావు, రోడ్డు మార్గాన రావాలి. అందుకే అవి ఆలస్యంగా వస్తాయి, ఖరీదు ఎక్కువ. చాలా పనులకు మన ఊళ్లలోని సరుకే చాలు. కార్లకు టింకరింగ్, పెయింటింగ్ చేసే షాపుల్లో దొరికే సన్నరకం వాటర్ పేపర్, మాస్కింగ్ టేపు, లప్పం నమూనాకు అక్కరకొస్తాయి. ఆ షాపుల్లో వాడే ఎన్.సి. థిన్నర్ మాత్రం ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. దాన్ని పనిముట్లు కడగడానికే వాడాలి. ఏ రంగైనా మూసిన గదిలో కొట్టకూడదు. ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు తప్పనిసరి, గుడ్డ మాస్కు సరిపోదు. ఇంట్లో పిల్లలుంటే ఈ జాగ్రత్త రెట్టింపు.

పొర మందం మీద కూడా ఒక లెక్క ఉంది. నమూనా మీద రంగు 0.03 మిల్లీమీటర్ల మందం పడితే, 1/72లో అది అసలు విమానం మీద రెండు మిల్లీమీటర్లకు పైగా మందంతో సమానం. ప్యానెల్ గీతలు పూడిపోయేది ఇలాగే. అందుకే ఒక్క దట్టమైన పూత కన్నా మూడు పలచటి పూతలు మేలు. రంగు అయ్యాక ఒక నిగనిగ పూత వేసి, ఆ తర్వాతే గుర్తుల డెకాల్స్ అతికించాలి. గరుకు రంగు మీద నేరుగా అతికిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. చివర అసలు విమానం మెరుపును బట్టి మెరుపు లేనిదో సగం మెరుపుదో ఒక పూత వేయాలి.

పాతబడటం ఎంతవరకు?

పాతబడ్డ విమానాన్ని చూపించడం అన్న విషయంలోనూ రెండు వర్గాలు ఉన్నాయి. ఒకటి ప్రతి ప్యానెల్‌నూ వేరే ఛాయలో ముంచి, గీతలన్నీ నల్లగా దిద్దుతుంది. చూడ్డానికి ఆకర్షణీయంగా ఉంటుంది. ఇంకోటి ఫొటోలో కనిపించినంత మాత్రమే వేయాలంటుంది. నేను రెండో దాని పక్షం. విమానం ఎక్కడ పాతబడుతుందో దాని యంత్రమే చెబుతుంది. సీ హారియర్ పెగాసస్ ఇంజిన్‌కు నాలుగు గొట్టాలు. ముందు రెండింటి నుంచి ఫ్యాన్ గాలి, వెనక రెండింటి నుంచి వేడి వాయువు వస్తాయి. కాబట్టి మసి, కాలిన మరకలు వెనక గొట్టాల తర్వాతే ఉండాలి. ముందు గొట్టాల దగ్గర కూడా మసి పూసిన నమూనా ఆ యంత్రాన్ని అర్థం చేసుకోనట్టే. సముద్రపు ఉప్పుగాలి తిన్న రంగు, రాజస్థాన్ ఎండ తిన్న రంగు ఒకేలా వెలిసిపోవు. మెకానిక్‌లు ఎక్కి నడిచే రెక్క మొదలు దగ్గర అరుగుదల ఉంటుంది. తోక చివర ఎవరూ నడవరు. వట్టి లోహం మీద రంగు పూసిన 1971 మిగ్‌లకు అంచుల్లో పెచ్చులూడి లోహం కనిపించవచ్చు. కొత్తగా ఓవర్‌హాల్ నుంచి వచ్చిన బైసన్‌కు అలాంటి పెచ్చులు వేస్తే తప్పు. ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి. కారణం చెప్పలేని మరకను తుడిచేయాలి.

తేలిన మాట

ఇన్ని వాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక క్రమం తేలుతుంది. ముందు ఒక్క విమానాన్ని, ఒక సీరియల్ నంబరును, ఒక కాలాన్ని ఎంచుకోవాలి. దానికి కనీసం ఒక నమ్మదగిన ఫొటో ఉండాలి. పట్టీల ఆకారం, అంచు, అరుగుదల ఫొటో నుంచి తీసుకోవాలి. రంగు ఛాయను ప్రమాణాల పట్టిక నుంచి తీసుకుని, గది వెలుగుకు తగ్గట్టు సవరించాలి. మ్యూజియం నుంచి ఆకారం తీసుకోవాలి, రంగు తీసుకోకూడదు. ఊహించినదాన్ని ఊహ అని రాసిపెట్టాలి. ఈ క్రమంలో చేసిన నమూనా పోటీలో బహుమతి తెచ్చినా తేకపోయినా, ఒక చారిత్రక పత్రంగా నిలుస్తుంది. ఫొటో లేని విమానానికి రంగు వేయాలనిపిస్తే వేయండి, దాన్ని కచ్చితమైనదని మాత్రం చెప్పకండి.

ఒక పని మాత్రం నమూనా కళాకారులు ఒంటరిగా చేయలేరు. వాయుసేనలో ఎయిర్‌మెన్‌గా చేరి, హాంగర్లలో రంగులు వేసి, విమానాలకు మరమ్మతులు చేసి, ఇవాళ ఉద్యోగ విరమణ చేసి తెలుగు పల్లెల్లో, పట్టణాల్లో ఉంటున్నవాళ్లు ఎందరో ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లోనూ ఉంటారు. వాళ్ల ఇళ్లలో ఆల్బమ్‌లు ఉంటాయి. విమానం పక్కన నిలబడి, అనుమతితో తీయించుకున్న ఫొటోలు వాటిలో ఉంటాయి. ఆ ఫొటోల వెనక ఏడాది, ఊరు, స్క్వాడ్రన్ రాసి పెట్టమని వాళ్లకు నా విజ్ఞప్తి. పిల్లలు ఆ పెద్దల పక్కన కూర్చుని, ఆ రంగు ఎప్పుడు వేశారో, ఎవరు వేశారో, ఎన్నాళ్లకు మళ్లీ వేసేవాళ్లో అడిగి రాసుకోవాలి. రక్షణ రహస్యాలు ఏవీ అక్కర్లేదు. ఎప్పుడో విధుల నుంచి తప్పుకున్న విమానాల రంగు గురించే మన ప్రశ్న. మిగ్-21 వెళ్లిపోయింది, మిగ్-27 వెళ్లిపోయింది, సీ హారియర్ వెళ్లిపోయింది. వాటి రంగు తెలిసినవాళ్లు మన మధ్య ఉండగానే అడిగి రాసుకుందాం.